కరువు అన్నందుకు సంజాయిషీ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని మన సంఘం మిత్రులు అడిగారు. విస్సన్నపేట వాడు కాబట్టి మామిడి తోటల గురించో, నూజివీడు జమీందార్ల గురించో రాస్తాడని వారు అనుకొని ఉండవచ్చు. ఆ విషయాలు నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు కాగితాల మధ్య బతికినవాణ్ణి. నాకు తెలిసిందల్లా కాగితం మీద పడిన మాట, అది చేసే పని. అందుకని ఇంగ్లీషువాళ్ళ పాత మాటలు కొన్నింటిని గురించి, వాటి మూలంగా మన పక్క జిల్లాలో జరిగిన ఒక వాదులాట గురించి రాస్తున్నాను. అవన్నీ ‘లేదు’ అని చెప్పే మాటలే.

ఈ మాటలతో నాకు మొదటి పరిచయం ఒక పొరపాటుతో జరిగింది. 1970లలో కొత్తగా గుమాస్తాగా చేరిన రోజులు. మా ఆఫీసుకు తనిఖీ అయింది. తనిఖీ నివేదికలో మూడు రిజిస్టర్ల పేర్లు రాసి, అవి ‘వాంటింగ్’ అని ఉంది. వాంట్ అంటే కావాలి అని కదా బడిలో నేర్చుకున్నాం! పైవారికి మూడు రిజిస్టర్లు కావాలట అనుకొని, స్టేషనరీ నుంచి మూడు కొత్త రిజిస్టర్లు తెప్పించి పంపడానికి ఇండెంటు తయారుచేసి, ఎంతో శ్రద్ధగా సంతకానికి పెట్టాను. హెడ్ గుమాస్తాగారు కళ్ళజోడు పైకి నెట్టి నా వంక చూశారు. “ఏమయ్యా, రిజిస్టర్లు కనబడటం లేదని వాళ్ళు మొత్తుకుంటుంటే, కొనిపెడతామని రాశావేమిటి?” అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఆరు నెలలపాటు నన్ను ‘ఇండెంటు’ అని పిలిచారు.

తర్వాత తెలిసింది, తప్పు నాది ఒక్కడిదే కాదని. ఆ మాటకు లోపించటం అన్నదే అసలు అర్థం. కోరటం అన్న అర్థం ఎప్పుడో 18వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. లేనిదాన్నే కదా మనిషి కోరుకునేది! వాంట్ అనేది నిజానికి ఇంగ్లీషువాళ్ళ సొంత మాట కూడా కాదు. వెయ్యేళ్ళకు పైగా క్రితం ఉత్తరాది సముద్రం దాటి ఓడల మీద వచ్చి, దోచుకుని, తర్వాత ఆ దేశంలోనే స్థిరపడిన వైకింగుల భాషలోది. దానికి చుట్టం ‘వేన్’. కృష్ణపక్షంలో చంద్రుడు తరిగిపోవటాన్ని ఆ మాటతోనే చెబుతారు. పాత ఇంగ్లీషులో ‘వాన్’ అన్నది మాటల ముందు చేరి ‘లేని’ అనే అర్థం ఇచ్చేది. ఆశ లేకపోవటం ‘వాన్‌హోప్’. ఎంత చక్కని మాట! దాన్ని వాళ్ళే పారేసుకుని, ఫ్రెంచివారి దగ్గర నుంచి ‘డిస్పెయిర్’ తెచ్చుకున్నారు. పెంపకం లేని పిల్లవాణ్ణి ‘వాంటన్’ అనేవారు. అది మాత్రం అర్థం మార్చుకుని బతికి ఉంది.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఈ వాంటుకు, వేనుకు మన సంస్కృతంలోని ‘ఊన’ శబ్దం దూరపు చుట్టమని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. పంతొమ్మిదిని ఏకోనవింశతి అంటాం, అంటే ఒకటి తక్కువైన ఇరవై. న్యూనత అన్న మాటలో ఉన్నదీ ఆ ఊనమే. ఈ సంగతి ఆ రోజుల్లోనే తెలిసి ఉంటే హెడ్ గుమాస్తాగారికి జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ఆయన కూడా సంస్కృతం చదివినవారే.

ఆఫీసుల్లో తిరిగే మిగతా ‘లేదు’ మాటలకూ ఇలాంటి కథలే ఉన్నాయి. నెల నెలా మనం పంపిన ‘నిల్’ రిపోర్టు లాటిన్ మాట. ఇసుమంతైనా లేదని దాని అర్థం. ‘డెఫిసిట్’ అన్నది కూడా లాటినే. పూర్వం ఐరోపాలో సామాను జాబితాలు రాసే గుమాస్తాలు, కనిపించని వస్తువుల పద్దు మొదట ఆ క్రియాపదం రాసేవారు, ‘ఇది లేదు’ అని. గుమాస్తా రాసిన ఆ మాటే పెరిగి పెద్దదై బడ్జెట్లలోకి ఎక్కింది. ఇక ‘ఎరియర్స్’ అంటే ఫ్రెంచిలో వెనకబడినది. మనం వాడే బాకీ, బకాయి అరబ్బీ మాటలు, మిగిలినది అని అర్థం. ఒకరు వెనకబడిందన్నారు, ఇంకొకరు మిగిలిపోయిందన్నారు. మన డి.ఎ. సంగతిలో రెండూ నిజమేనని సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

పారసీ నుంచి వచ్చిన ‘నాదారు’ అన్న మాట పాత రెవిన్యూ కాగితాలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. జమీందారు అంటే భూమి కలవాడు. నాదారు అంటే ఏమీ కలవాడు కానివాడు. రెండింటి చివరా ఒకటే ‘దారు’.

ఇంతవరకు సరదాగా చెప్పుకున్నాం. ఇక అసలు విషయానికి వస్తాను.

మా చిన్నతనంలో మామిడిపండ్ల కాలం వచ్చిందంటే మా నాయనమ్మ టెంకలు పారేయనిచ్చేది కాదు. పిల్లలం రసాలు జుర్రుకుని పారేసిన టెంకల్ని ఏరి, కడిగి, దొడ్లో ఎండబెట్టి, చితక్కొట్టి, లోపలి జీడి తీసి కుండలో దాచేది. ఎందుకే అంటే “నందన వస్తే తెలుస్తుంది” అనేది. నందన అంటే ఎవరో దయ్యం అనుకునేవాళ్ళం. అది సంవత్సరం పేరని, ఆ ఏడాది వచ్చిన కరువులో జనం మామిడి జీడి పిండి అంబలి కాచుకుని తాగారని, ఆ మాట తన అత్తగారి అత్తగారి నోటి నుంచి దిగి వచ్చిందని తర్వాత చెప్పింది.

ఆ నందన 1832-33. గుంటూరు జిల్లాలో కరువు తీవ్రంగా ఉంది. మన మచిలీపట్నం జిల్లానూ అది వదల్లేదు. వానలు లేవు. కృష్ణ మీద అప్పటికి ఆనకట్ట లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. కాబట్టి నది పక్కనే పారుతున్నా పొలానికి చుక్క రాని రోజులు. ఆనాటి లెక్కల ప్రకారం గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. తిండి వెతుక్కుంటూ మద్రాసు దారి పట్టినవారు ఆ దారిలోనే రాలిపోయారు. జనం దానికి ఒక పేరు పెట్టి ఊరుకోలేదు. నందన కరువు అన్నారు, పెద్ద కరువు అన్నారు, వలస కరువు అన్నారు, ముష్టి కరువు అన్నారు. డొక్కలు ఎండి ఎముకలు బయటపడ్డాయని డొక్కల కరువు అన్నారు. ఎన్ని పేర్లు పెట్టినా చివర ‘కరువు’ మాత్రం మారలేదు.

కచేరీ కాగితాల్లో సంగతి వేరు. ఆ సమయంలో గుంటూరులో ఉద్యోగం చేస్తున్నవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకరు. వేమన పద్యాలు అచ్చు వేయించిన బ్రౌను దొరగా, 1852లో వెలువడిన నిఘంటువు కర్తగా మనందరికీ ఆయన తెలుసు. మన మచిలీపట్నంలోనూ కొలువు చేశారు. అయితే ఆయన కూడా మనలాగే పైవారికి రిపోర్టులు రాసుకున్న ఉద్యోగి అన్న సంగతి ఎవరూ గుర్తుంచుకోరు. గుంటూరులోని అధికారులు తమ ఉత్తరాల్లో ‘డెర్త్’ అని, ‘స్కేర్సిటీ’ అని రాస్తుంటే, బ్రౌను ‘ఫామిన్’ అని రాశారు. మద్రాసులోని రెవిన్యూ బోర్డుకు అది మింగుడు పడలేదు. ఇప్పుడున్న పరిస్థితికి ఫామిన్ అన్న మాట వాడటమేమిటని ఆశ్చర్యం వెలిబుచ్చింది. పైవారి ఆశ్చర్యం అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. అది సంజాయిషీ అడిగే మర్యాదైన పద్ధతి.

బ్రౌను ఇచ్చిన జవాబు దాఖలై ఉంది. దాని సారాంశం ఇది: తినటానికి గింజ లేదు, అందువల్ల జనం గుంపులు గుంపులుగా చనిపోతున్నారు, ఇది చాలా నెలలుగా సాగుతున్నది, నా దృష్టిలో దీన్నే ఫామిన్ అంటారు. అంతే. వెనక్కి తీసుకోలేదు, మాట మార్చలేదు. గింజ లేదని చెప్పటానికి ఆయన వాడింది కూడా నన్ను నవ్వులపాలు చేసిన ఆ వాంట్ అన్న మాటే.

ఒక మాట బదులు ఇంకొక మాట రాస్తే ఏమైంది, అర్థం ఒకటే కదా అని నేనూ మొదట అనుకున్నాను. నిఘంటువు తెరిచి ఒక్కొక్కదాని పుట్టుక చూశాక గాని పట్టుదల ఎందుకో తెలియలేదు.

డెర్త్ అన్న మాట ‘డియర్’ నుంచి పుట్టింది. వార్మ్ నుంచి వార్మ్‌త్ వచ్చినట్టే డియర్ నుంచి డెర్త్. డియర్ అంటే ఇష్టమైనది అని ఒక అర్థం, ఖరీదైనది అని ఇంకొక అర్థం. అది మనకు వింతేమీ కాదు. మనకూ ‘ప్రియం’ ఉంది. ప్రియమైన మిత్రునికి అని ఉత్తరం రాస్తాం, బియ్యం ప్రియమయ్యాయని సంతలో అంటాం. తెలంగాణలో ‘పిరం’ అంటారు. అదీ ఇదే. కాబట్టి డెర్త్ అంటే మొదట ధరలు పెరగటమే. అది బజారులో నిలబడి చూసినవాడి మాట. చేతిలో డబ్బు ఉన్నవాడికి గింజ ప్రియం. ఏమీ లేని కూలివాడికి ప్రియమేమిటి, చవకేమిటి?

స్కేర్సిటీ కథ వింటే మా తోటలు గుర్తుకొస్తాయి. కోయటం, తెంపటం అన్న అర్థమున్న లాటిన్ మాట దాని మూలం. పుస్తకంలోంచి కొంత భాగం తీసి ఇవ్వటాన్ని ఎక్సెర్ప్ట్ అంటారే, అదీ ఈ స్కేర్సిటీ ఒకే ఇంటివి. కోత అయిపోయిన తోటలోకి వెళితే ఆకుల చాటున అక్కడో కాయ, ఇక్కడో కాయ కనబడుతుంది. పంట ఉంది, కానీ తెంపేయగా మిగిలిన అరాకొరా ఉంది. అదీ స్కేర్సిటీ. ఈ మాటలో ఇంకా ఎంతో కొంత చెట్టు మీద ఉందన్న ధైర్యం ఉంది. గుంటూరులో ఆ సంవత్సరం చెట్టు మీద ఏముంది?

ఫామిన్ మాత్రం లాటిన్‌లో ఆకలి అన్న మాట నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చింది. దానిలో ధర లేదు, పంట లేదు, కడుపు ఉంది. ధర పెరిగిందంటే వర్తకులదే బాధ్యత, నాలుగు రోజులు పోతే దిగుతుంది అనవచ్చు. పంట తగ్గిందంటే పై ఏడు చూద్దాం అనవచ్చు. జనం ఆకలితో ఉన్నారని ఒప్పుకుంటే మాత్రం, శిస్తు వసూలు మాటేమిటి, గంజి పోయటానికి ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు ఆ వెనకే వస్తాయి. బోర్డువారి ఆశ్చర్యానికి కారణం ఇదేనని నా ఊహ. ఫైలు మోసినవాడు ఎవడైనా ఇలాగే ఊహిస్తాడు.

ఇంకొక మాట ఉంది, ‘స్టార్వ్’. ఇప్పుడు పస్తులుండటం అని వాడుతున్నాం గాని, పాత ఇంగ్లీషులో దాని అర్థం చనిపోవటం. జర్మనులు ఇప్పటికీ చావుకు ఆ తోబుట్టువునే వాడతారు. ఎన్నో రకాల చావుల్లో ఆకలి చావు ఒక్కదానికే ఆ మాట ఎందుకు మిగిలిందో ఆలోచిస్తే భయం వేస్తుంది.

మన పండితుల మాటలు చూడండి. దుర్భిక్షం అంటే భిక్ష దొరకని కాలం, సుభిక్షం అంటే భిక్ష తేలికగా దొరికే కాలం. ఇది గుమ్మంలో చెయ్యి చాచినవాడి వైపు నుంచి కట్టిన మాట. ఇచ్చేవాడి దగ్గరే లేకపోతే అడిగేవాడి గతేమిటన్నది అందులో ఉంది. ముష్టి కరువు అన్న జనం మాటా అటువంటిదే. క్షామం అంటే కృశించటం. మనిషి చిక్కి శల్యమైన రూపమే ఆ మాట. కొరత వేరు. పూర్వం శకటరేఫతో రాసేవారు, తమిళంలోనూ కన్నడంలోనూ దానికి అక్కచెల్లెళ్ళు ఉన్నారు. కొలిచి చూస్తే తక్కువ పడటం కొరత. యూరియాకు కొరత ఉంటుంది, గ్యాసుకు కొరత ఉంటుంది. చచ్చిపోయేవాళ్ళను చూపించి కొరత అంటే మన ఊళ్ళో ఎవరూ ఊరుకోరు. ఇన్ని మాటలున్నా రైతు నోట వచ్చేది కరువే. కరువులో అధికమాసం అన్న సామెత ఎలా పుట్టిందో పస్తులున్నవాడికి తెలుస్తుంది. ముప్పై రోజులు ఎక్కువ ఈదాలి.

గుంటూరు కరణం తెలుగులో కరువు అని రాస్తే, దాన్ని ఇంగ్లీషు చేసే చోట మూడు మాటలు ఎదురుచూస్తున్నాయన్న మాట. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో ఎంచుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. బ్రౌనుకూ తెలుసు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పుకోవలసి ఉంది. 1980ల మొదట్లో ఒక ఏడాది వానలు పడలేదు. అప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసుకు ఒక ఊరి కరణంగారి దగ్గర నుంచి కాగితం వచ్చింది. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ మూడు రోజులుగా తిండి లేక చనిపోయిందని అందులో ఉంది. అక్షరాలు ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. పైకి పంపే నివేదిక నేనే టైపు చేయాలి. మా పై అధికారి చిత్తు ప్రతి దిద్ది ఇచ్చారు. తిండి లేక అన్న చోట వృద్ధాప్యం, దీర్ఘకాలిక అనారోగ్యం అని ఉంది. నేను సందేహంగా నిలబడితే, “ఆ మాట పైకి వెళ్ళిందంటే మనమందరం జవాబులు చెప్పుకోవాలి. ఆవిడ ముసలావిడ కాదా? అనారోగ్యం లేదా? అబద్ధమేముంది?” అన్నారు. అబద్ధం లేదు. ఆయన చెడ్డవారు కూడా కాదు, ఇంటికి ఎవరైనా వస్తే అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. నేను టైపు చేశాను. కింద కార్బన్ కాపీలు మూడు. తప్పులు లేకుండా వచ్చింది.

అప్పటికి నాకు బ్రౌను నిఘంటువు తెలుసు, బ్రౌను జవాబు తెలియదు. తెలిసి ఉంటే వేరే మాట టైపు చేసి ఉండేవాణ్ణని చెప్పను. పిల్లలు చిన్నవాళ్ళు, ఉద్యోగం అవసరం.

బ్రౌను కాలానికి కరువుకు నియమావళి లేదు. 1876లో ధాత కరువు వచ్చి మద్రాసు రాజధానిలో లక్షల మందిని తీసుకుపోయిన తర్వాత, 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, ఆపైన రాష్ట్రాలకు ఫామిన్ కోడ్లు తయారయ్యాయి. అంటే బ్రౌను వాడిన మాటకు సుమారు యాభై ఏళ్ళకు చట్టబద్ధమైన గౌరవం దక్కింది. ఎప్పుడు ప్రకటించాలి, కూలి ఎంతివ్వాలి అన్నవన్నీ ఆ కోడ్లలో రాశారు. అయితే చిత్రం చూడండి. 1963లో మహారాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో అమల్లో ఉన్న చట్టాలన్నింటిలో ఫామిన్ అన్న మాట తీసివేసి, ఆ స్థానంలో స్కేర్సిటీ అని చేర్చాలని. ఇక ఫామిన్ రానివ్వం కనుక ఆ మాట అక్కరలేదన్నది వారి వాదం. మాట పోతే వస్తువు పోతుందా అని అడిగినవారికి జవాబు లేదు. పదేళ్ళలోపే, 1972-73లో, ఆ రాష్ట్రానికి ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది మందికి పనులు చూపించి ప్రభుత్వం ఆదుకుంది. మంచి పనే చేసింది. కాగితాల మీద మాత్రం అది స్కేర్సిటీ.

మన దగ్గర ‘డ్రాట్’ అని రాస్తారు. దాని పుట్టుక ‘డ్రై’తో కలిసినది, పొడిబారటం అని. అది నేలకు సంబంధించిన మాట, మనిషి అందులో కనబడడు. కానీ ఆ ప్రకటనే తెలుగులోకి వచ్చేసరికి కరువు మండలాలు అయిపోతుంది. ఇంగ్లీషు ప్రతిలో నేల ఎండుతుంది, తెలుగు ప్రతిలో కరువు వస్తుంది. ఎవరూ సంజాయిషీ అడగరు. ఈ ఒక్క విషయంలో తెలుగులో రాసేవాడికి బ్రౌనుకు లేని వెసులుబాటు ఉంది.

మా మెట్ట ప్రాంతానికి డెల్టా కాలువల సౌఖ్యం లేదు. చెరువు, బావి, ఆ తర్వాత బోరు. మామిడికి పూత దశలో వాన పడితే ఏడుస్తాం, కాయ దశలో పడకపోతే ఏడుస్తాం. అయినా టెంకలు ఎండబెట్టి దాచేవారు ఇప్పుడు మా వీధిలో లేరు.

అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వచ్చే పేరు కనుక నందన 1892లో వచ్చింది, 1952లో వచ్చింది. అప్పుడు నేను చంకపిల్లాణ్ణి. ఆ ఏడాదంతా మా నాయనమ్మ గాదె దగ్గరే మంచం వేసుకుని పడుకుందని మా నాన్నగారు చెప్పేవారు. మళ్ళీ 2012లో వచ్చింది. ఉగాదినాడు గుళ్ళో పంచాంగ శ్రవణానికి వెళ్ళాను. నందన అంటే ఆనందాన్ని ఇచ్చేది అని శాస్త్రిగారు వివరిస్తున్నారు. ఆడవాళ్ళ వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, పక్కావిడతో, “మళ్ళీ వచ్చిందా?” అంది.